సముద్రం ఒడ్డున కంప్యూటర్: విశాఖ ఇళ్లలో బోర్డులు ఎందుకు పోతాయి, ఎలా కాపాడుకోవాలి

మే నెలలో చక్కగా పనిచేసిన డెస్క్‌టాప్ ఆగస్టు వచ్చేసరికి మొరాయిస్తుంది. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. షాపుకి పట్టుకెళ్తే ర్యామ్ (మెమరీ పట్టీ) ఊడదీసి, రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చుతారు. పనిచేస్తుంది. "లూజ్ కాంటాక్ట్ అండీ" అని చెప్పి పంపిస్తారు. కొన్ని నెలలకి మళ్లీ అదే తంతు. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి... తీరం వెంబడి ఎక్కడ అడిగినా ఈ బాధ తెలిసిన ఇళ్లు ఉంటాయి. కారణం ఏమిటంటే అందరూ ఉప్పుగాలి అనే అంటారు.

ఆ మాటలో నిజం ఉంది, కానీ దాన్ని అక్కడితో వదిలేస్తే చేయగలిగింది ఏమీ లేదనిపిస్తుంది. గాలిని ఎవరు ఆపగలరు? అసలు సంగతి ఏమిటంటే, పొడిగా ఉన్న ఉప్పు కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డు మీద ఏళ్ల తరబడి పడి ఉన్నా దానివల్ల పెద్ద నష్టం లేదు. ఉప్పు లేని తేమ కూడా బోర్డుని త్వరగా పాడుచేయలేదు. ఉప్పు, తేమ, కరెంటు మూడూ ఒకేచోట కలిసినప్పుడే బోర్డు పోతుంది. మూడింట్లో ఏ ఒక్కదాన్ని తప్పించినా యంత్రం బతుకుతుంది. దేన్ని ఎప్పుడు తప్పించాలో తెలిస్తే చాలు.

ఉప్పు నీరెందుకు అవుతుంది

సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలిలోనే ఆరిపోయి, కంటికి కనపడనంత సన్నటి రేణువులుగా ఇంట్లోకి వస్తుంది. వాటిలో ఎక్కువ భాగం సోడియం క్లోరైడ్, అంటే మనం తినే ఉప్పే. దాంతోపాటు మెగ్నీషియం క్లోరైడ్ కూడా చెప్పుకోదగ్గంత ఉంటుంది.

ఏ లవణమైనా గాలిలోని తేమని పీల్చుకుని తనంతట తానే నీరయ్యే హద్దు ఒకటుంది. సోడియం క్లోరైడ్‌కి ఆ హద్దు గాలిలో తేమ 75 శాతం. మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతమే. వంటింట్లో కల్లుప్పు జాడీ చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. వర్షాకాలంలో జాడీ అడుగున నీరు ఊరుతుంది, శుద్ధి చేసిన సన్న ఉప్పు ప్యాకెట్ మాత్రం చాలామటుకు పొడిగానే ఉంటుంది. కల్లుప్పులో మిగిలిన మెగ్నీషియమే ఆ తేడాకి ముఖ్య కారణం. మీ మదర్‌బోర్డు మీద పేరుకునేది కల్లుప్పు జాతి ఉప్పే.

విశాఖలో ఏడాదిలో చాలా రోజులు తేమ 70 శాతం చుట్టుపక్కలే తిరుగుతుంది. వర్షాకాలపు రాత్రుళ్లు అంతకంటే బాగా పెరుగుతుంది. అంటే బోర్డు మీద ఉప్పు పొర ఉంటే, చుక్క నీరు పడకపోయినా అది తడిగానే ఉంటుందన్నమాట.

ఈ తడి పొరలోంచి కరెంటు పారినప్పుడు అసలు నష్టం మొదలవుతుంది. పక్కపక్కన ఉన్న రెండు పిన్నుల మధ్య వోల్టేజీ ఉంటే, పాజిటివ్ పిన్ను లోహం కొద్దికొద్దిగా ఆ ఉప్పునీటిలో కరుగుతుంది. కరిగిన లోహం నెగటివ్ పిన్ను వైపు జరిగి, అక్కడ సన్నటి వెంట్రుకల్లా పేరుకుంటుంది. ఆ వెంట్రుకలు రెండు పిన్నులనీ కలిపేస్తే షార్ట్ అవుతుంది. రాగి మీద పచ్చటి చిలుము, అల్యూమినియం మీద తెల్లటి పొడి, సోల్డర్ (భాగాల్ని బోర్డుకి అతికించే లోహం) మీద మెరుపు పోయిన బూడిద రంగు కనిపిస్తే ఈ పని జరుగుతోందని అర్థం. భూతద్దంతో చూస్తే చిలుము బోర్డంతా సమానంగా ఉండదు. ఎప్పుడూ వోల్టేజీ ఉండే చోట్లే, అంటే బ్యాటరీ కనెక్టర్, చార్జర్ సాకెట్, పవర్ సప్లై వైర్లు వచ్చి గుచ్చుకునే చోటు, అక్కడే ఎక్కువగా ఉంటుంది.

ఆఫ్ చేసి ప్లగ్గులో వదిలేయడమే అన్నిటికన్నా చెడ్డది

గదిలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నాయనుకోండి. అదే గాలి కంప్యూటర్ లోపల 35 డిగ్రీలకి వేడెక్కితే తేమ 60 శాతానికి దిగుతుంది. 40 డిగ్రీలకి వెళ్తే 46 శాతానికి పడిపోతుంది. గాలిలో నీరు అంతే ఉన్నా, వేడిగాలి ఎక్కువ నీటిని మోయగలదు కాబట్టి శాతం తగ్గుతుంది. నడుస్తున్న యంత్రం లోపల సోడియం క్లోరైడ్ పొడిబారిపోతుంది. మెగ్నీషియం క్లోరైడ్ కొంత తడిగా మిగిలినా, ఆ తడి పొర బాగా పలచబడుతుంది.

ప్లగ్గు పూర్తిగా ఊడదీసిన కంప్యూటర్ లోపల తడి ఉండొచ్చు, కానీ చిన్న గడియారం బ్యాటరీ తప్ప వోల్టేజీ ఏదీ ఉండదు. చిలుము పట్టినా నెమ్మదిగా పడుతుంది.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఈ రెండూ కాదు. షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ వేసే ఉంచుతాం. డెస్క్‌టాప్ పవర్ సప్లై ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా బోర్డుకి 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. పవర్ బటన్ నొక్కగానే మేల్కోవడానికి ఆ ఏర్పాటు. అందుకే ఆఫ్ చేశాక కూడా కొన్ని బోర్డుల మీద చిన్న లైటు, వెనక నెట్‌వర్క్ పోర్టు దగ్గర మరో లైటు వెలుగుతుంటాయి. అంటే వేడి లేదు, తేమ ఉంది, ఉప్పు ఉంది, వోల్టేజీ కూడా ఉంది. మూడూ కలిశాయి. ఇలా రాత్రి పది గంటల చొప్పున ఏడాదంతా గడిస్తే బోర్డు పాడవడంలో వింతేమీ లేదు.

కాబట్టి తీరానికి దగ్గర్లో ఉండేవాళ్లకి మొదటి అలవాటు ఇదే కావాలి: పని అయ్యాక షట్‌డౌన్ చేసి, ఫ్యాన్ ఆగాక గోడ స్విచ్ కూడా ఆపేయండి. రెండో అలవాటు, వాడినా వాడకపోయినా వారానికి రెండుసార్లు, ప్రతిసారీ గంటసేపు కంప్యూటర్ నడపండి. వర్షాకాలంలో ఇది తప్పనిసరి అనుకోండి. టీవీకి, సెట్‌టాప్ బాక్సుకి, ప్రింటర్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటర్‌తో వారానికో రంగుల పేజీ వేయిస్తే సిరా చిమ్మే తల (ప్రింట్ హెడ్) ఎండిపోకుండా కూడా ఉంటుంది.

పిల్లలు విదేశాల నుంచి పంపిన ల్యాప్‌టాప్‌ని "పాడవుతుందేమో" అని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టే పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల జాగ్రత్త మనసుకి హత్తుకునేదే, కానీ ల్యాప్‌టాప్‌కి అది హాని చేస్తుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీని చాలా మోడళ్లలో బయటకి తీయలేం, బోర్డు మీద వోల్టేజీ ఎప్పుడూ ఉంటుంది. పైగా పూర్తిగా ఖాళీ అయిన లిథియం బ్యాటరీ నెలల తరబడి అలాగే ఉంటే తిరిగి చార్జింగ్ ఎక్కకపోవచ్చు. అమ్మానాన్నలకి ఫోన్ చేసినప్పుడు "ఆదివారం ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్ చేయండి" అని చెప్పడం ఆ ల్యాప్‌టాప్‌కి మీరు చేయగల పెద్ద మేలు. తప్పక దాచాల్సి వస్తే 50 శాతం చార్జింగ్‌తో దాచాలి. ఎలా దాచాలో కింద చెబుతాను.

మీ ఇంట్లో ఉప్పెంత, తేమెంత

అలలకి ఎదురుగా ఉన్న ఫ్లాటుకీ, నాలుగైదు కిలోమీటర్లు లోపలున్న ఇంటికీ చాలా తేడా ఉంటుంది. గాలిలో ఉప్పు మొదటి కొన్ని వందల మీటర్లలోనే వేగంగా తగ్గిపోతుంది. పెందుర్తి, గోపాలపట్నం వైపు ఇళ్లలో తేమ ఉంటుంది కానీ ఉప్పు బెడద తక్కువ. వన్‌టౌన్, పోర్టు చుట్టుపక్కల ఇళ్లది ఇంకో సమస్య. అక్కడి నల్లటి దుమ్ములో బొగ్గు పొడి ఉంటుంది, తడిసిన బొగ్గు పొడి పిన్నుల మధ్య కరెంటుకి దారి ఇస్తుంది. అక్కడ తుడవడం మరింత తరచుగా జరగాలి.

మీ ఇంటి సంగతి తెలుసుకోవడానికి సముద్రం వైపు కిటికీ అద్దాన్ని లోపలి నుంచి శుభ్రంగా తుడిచి, వారం రోజులు తలుపు ఎప్పటిలాగే తీసి ఉంచి, తర్వాత వేలితో రాసి చూడండి. జిగటగా, తెల్లటి మరక పడితే అదే పొర మీ బోర్డు మీద కూడా పడుతోంది. దోమల మెష్ దాన్ని ఆపదు.

విశాఖలో సముద్రం ఆగ్నేయాన ఉంది. ఎండాకాలంలో ఎండెక్కాక సముద్రపు గాలి అటునుంచి మొదలవుతుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆ వైపు కిటికీ మూసి, వేరే వైపు తీస్తే వచ్చే ఉప్పు బాగా తగ్గుతుంది. కంప్యూటర్ బల్లని కిటికీకి ఎదురుగా కాకుండా, కిటికీ ఉన్న గోడకే ఆనించి పక్కకి పెట్టండి. ఆఫ్‌లో ఉన్నప్పుడు పైన నూలు గుడ్డ కప్పండి, అది ఉప్పుని, దుమ్ముని ఆపుతుంది. తేమని ఆపదు. నడుస్తున్నప్పుడు మాత్రం ఏదీ కప్పకూడదు.

తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. చౌక మీటర్లు అయిదారు శాతం తప్పు చూపడం మామూలే, దాన్ని ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా తడిసేంత నీళ్లు చుక్కలుగా వేయండి. ఉప్పు కరిగిపోయేంత పోయకూడదు. ఆ మూతనీ మీటరునీ కలిపి గాలి చొరబడని డబ్బాలో రాత్రంతా పెట్టండి. పొద్దున మీటరు 75 చూపాలి. 70 చూపితే ఇకపై ఎప్పుడు చూసినా 5 కలుపుకోండి.

ఏసీ గదిలో పట్టే చెమట

ఏసీ గాలిలోని నీటిని తీసి బయటికి పంపిస్తుంది కాబట్టి ఏసీ గది కంప్యూటర్‌కి మంచిదే. ఇబ్బంది ఏసీ ఆపాక వస్తుంది. బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. రాత్రంతా 23 డిగ్రీల్లో ఉన్న ల్యాప్‌టాప్, టీవీ, హార్డ్ డిస్క్ అన్నీ ఆ హద్దు కిందే ఉంటాయి. పొద్దున లేవగానే ఏసీ ఆపి బాల్కనీ తలుపు బార్లా తీస్తే, కళ్లద్దాల మీద పట్టినట్టే వాటి లోపల కూడా ఆవిరి పడుతుంది. కళ్లద్దాలు తుడుచుకుంటాం, బోర్డుని ఎవరూ తుడవరు.

ఏసీ ఆపాక అరగంట, ముప్పావు గంట తలుపులు మూసే ఉంచండి. వస్తువులు నెమ్మదిగా గది వేడికి వస్తాయి. ఏసీ గదిలోంచి ల్యాప్‌టాప్‌ని బాల్కనీకో, కారులోకో తీసుకెళ్లాల్సి వస్తే, ముందు గాలి చొరబడని జిప్ బ్యాగులో పెట్టి మూసి, అరగంట తర్వాత బయటికి తీసి ఆన్ చేయండి. నీరు పడితే బ్యాగు మీద పడుతుంది. కెమెరాకి కూడా ఇదే పద్ధతి. రాత్రుళ్లు ఏసీని 26 లేదా 27 దగ్గర ఉంచితే ఈ సమస్య చాలావరకు ఉండదు, బిల్లూ తగ్గుతుంది. చినుకులు పడి చల్లబడిన రోజుల్లో డ్రై మోడ్ వాడండి. కంప్యూటర్‌ని, టీవీని ఏసీ గాలి నేరుగా తగిలే చోట మాత్రం పెట్టకండి.

శుభ్రం చేయడం: ఐపీఏ ఒక్కటే ఎందుకు చాలదు

ఎలక్ట్రానిక్స్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొనమని వీడియోల్లో అందరూ చెబుతారు. మెకానిక్కులు దాన్ని ఐపీఏ అంటారు. జిడ్డుకి అది మంచి మందే. తీరప్రాంతంలో దాని లోపం ఎక్కడుందంటే, శుద్ధమైన ఐపీఏలో ఉప్పు దాదాపుగా కరగదు. జిడ్డు పోయి మెరుస్తుంది, ఉప్పు అక్కడే ఉంటుంది, తర్వాతి వర్షానికి మళ్లీ తడుస్తుంది. ఉప్పుని కరిగించేది నీరే. అందుకని ముందు నీటితో ఉప్పు తీసి, తర్వాత ఐపీఏతో ఆ నీటిని తరిమేయాలి. కుళాయి నీరు, మినరల్ వాటర్ పనికిరావు, వాటిలోనూ లవణాలుంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా, మూత తెరవనిది, దీనికి సరిపోతుంది.

దీనికి పొడిగా ఉండే డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. వర్షాలకి ముందు మే నెలాఖరులో ఇంకోసారి చేస్తే మంచిది. షట్‌డౌన్ చేసి, ప్లగ్గు ఊడదీసి, ఆ తర్వాత పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన చార్జ్ పోతుంది. క్యాబినెట్ పక్క తలుపు తీయండి. ముందుగా ఫోన్‌తో లోపలి ఫొటో రెండు వైపుల నుంచి తీసుకోండి, ఏ వైరు ఎక్కడుందో తర్వాత వెతుక్కోనక్కర్లేదు. కొత్త, మెత్తటి పెయింట్ బ్రష్షుతో దుమ్ము వదిలించి, బ్లోయర్‌ని ఒక అడుగు దూరం నుంచి కొట్టండి. ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి. బ్లోయర్ గాలికి అది అదుపు లేకుండా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డుకి తాకించకండి, స్టాటిక్ కరెంటు పుట్టి చిప్పులు పాడవొచ్చు.

ఆ తర్వాత ర్యామ్. రెండు చివర్ల క్లిప్పులు తెరిచి, చిప్పులు ముట్టుకోకుండా అంచులు పట్టుకుని తీయండి. కింది అంచున వరుసగా బంగారు పిన్నులుంటాయి. నిజంగానే బంగారం పూత, చాలా పలచన. వెలుతురులో వంచి చూస్తే కొన్ని పిన్నుల మీద గోధుమ రంగు మచ్చలో, మసకో కనిపిస్తుంది. బంగారానికి తుప్పు పట్టదు, కానీ పూతలోని సన్న రంధ్రాల గుండా కింది లోహం తినబడి పైకి వస్తుంది. చెవులు తుడిచే దూది పుల్లని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, పిండి, పిన్నుల పొడవునా పైనుంచి కిందికి తుడవండి. పుల్ల మారుస్తూ, దూదికి మరక అంటడం ఆగేదాకా చేయండి. తర్వాత కొత్త పుల్లతో ఐపీఏ. మచ్చ మొండిగా ఉంటేనే మెత్తటి తెల్ల రబ్బరుతో ఒకటి రెండుసార్లు తేలిగ్గా రుద్దాలి. షాపుల్లో గట్టిగా రుద్దే అలవాటు నాకు నచ్చదు. రుద్దిన ప్రతిసారీ పూత అరుగుతుంది, అరిగిన చోట చిలుము ముందుకంటే త్వరగా పడుతుంది. ప్రతి కొన్ని నెలలకీ అదే ఫిర్యాదు తిరిగి రావడానికి ఇదొక కారణం.

ర్యామ్ స్లాటులో నీళ్లు వాడకండి. అక్కడ బ్లోయర్, ఆపైన కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చాలు. తలుపు కీచుమంటే కొట్టే నూనె స్ప్రే వేరు, కాంటాక్ట్ క్లీనర్ వేరు. మొదటిది జిడ్డు మిగిల్చి ఇంకా దుమ్ము పట్టిస్తుంది. ఈ స్ప్రేలు, ఐపీఏ మంటని ఇట్టే అందుకుంటాయి. కిటికీ తెరిచి, స్టవ్‌కి, అగరబత్తికి దూరంగా పని చేయండి. శానిటైజర్ వాడకండి, అందులో చర్మం కోసం కలిపే గ్లిజరిన్ బోర్డు మీద జిగురుగా మిగిలిపోతుంది.

ర్యామ్ తిరిగి పెట్టేటప్పుడు గాడి చూసుకుని, రెండు చివర్లా టక్కుమనేదాకా నొక్కండి. ఫ్యాన్ కింద అరగంట ఆరనిచ్చాకే ప్లగ్గు పెట్టాలి. బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు 3 వోల్టుల పైనే చూపుతుంది. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ 2.8 కంటే తక్కువ చూపినా, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పుగా వస్తున్నా మార్చేయండి.

పవర్ సప్లై డబ్బా మూత మాత్రం విప్పకండి. లోపలి కెపాసిటర్‌లో 230 వోల్టుల ఇంటి కరెంటు నుంచి వచ్చిన 325 వోల్టులో, అంతకంటే ఎక్కువో డీసీ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. బయటి జాలీ మీద బ్రష్షు, బ్లోయర్ చాలు.

దాచే పద్ధతి

సిలికా జెల్ పొట్లాలు బీరువాలో వేస్తే తేమ పోతుందనే నమ్మకం చాలామందికి ఉంది. లెక్క వేసి చూడండి. 30 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకి సుమారు 24 గ్రాముల నీరుంటుంది. బీరువాలోకి సందుల గుండా గాలి రోజంతా వస్తూ పోతూ ఉంటుంది. అయిదు గ్రాముల పొట్లం కొద్ది గంటల్లోనే నిండిపోతుంది. అదే రబ్బరు అంచు ఉండి గట్టిగా మూసుకునే 10 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో గాలిలో ఉండే నీరు పావు గ్రాము కూడా కాదు. అక్కడ 50 గ్రాముల సిలికా జెల్ ఎన్నోసార్లు మూత తీసి పెట్టినా పనిచేస్తుంది. కెమెరా, లెన్సులు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, వాడని ల్యాప్‌టాప్, అన్నిటికీ ఇలాంటి డబ్బాయే దారి. లెన్సు మీద బూజు ఒకసారి పట్టిందంటే పూతని తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు.

రంగు మారే ఆరెంజ్ గింజల సిలికా జెల్ కొనండి. తేమ నిండితే ఆకుపచ్చగా మారుతుంది. నీలం గింజల్లో కోబాల్ట్ లవణం ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో వద్దు. నిండిన గింజల్ని ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. విశాఖ ఎండలో పెడితే ఆరవు, మన గాలిలోనే తేమ ఎక్కువ. డబ్బాలో చిన్న తేమ మీటరు కూడా పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు.

తడిసిన ఫోన్‌ని బియ్యంలో పెట్టడం ఆపేయాలి. బియ్యం నీటిని పెద్దగా పీల్చదు, దాని పిండి పోర్టులోకి పోతుంది. బీచ్‌లో ఫోన్ తడిస్తే విషయం ఇంకా వేరు. ఫోన్‌లోకి నీరు, దుమ్ము పోవని చెప్పే ఐపీ68 రేటింగు పరీక్ష మంచినీటిలో చేసేది. ఉప్పునీరు పడితే, ఆ రేటింగు ఉన్న ఫోన్‌ని వెంటనే ఆఫ్ చేసి మంచినీటితో కడిగి, పోర్టు కిందికి ఉండేలా ఫ్యాన్ ముందు పెట్టండి. రేటింగు లేని ఫోన్‌ని ఆఫ్ చేసి, ఆరబెట్టే ప్రయత్నాలతో రోజులు గడపకుండా అదే రోజు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఉప్పు మిగిలిన తడి పోర్టులో చార్జర్ గుచ్చితే, కరెంటు ఇచ్చే పిన్ను మొదట నల్లబడుతుంది. చార్జర్ కేబుల్ మొనలో ఒక పిన్ను మాత్రమే నల్లగా కనిపిస్తే ఆ కేబుల్ మార్చేయండి, లేదంటే కొత్త ఫోన్ పోర్టుని కూడా అది పాడుచేస్తుంది.

బయట పెట్టే సీసీ కెమెరాల గురించి ఒక్క మాట. కెమెరా కంటే ముందు పోయేది దాని 12 వోల్టుల డీసీ జాయింటు. జాయింటుని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, వైర్లని డబ్బా అడుగు నుంచి లోపలికి ఎక్కించండి. డబ్బా కంటే కిందికి వైరు కాస్త వేలాడాలి, అప్పుడు వాననీరు అక్కడినుంచి కారిపోతుంది. పిన్నులకి సిలికోన్ గ్రీజు రాస్తే ఏళ్లు నిలుస్తుంది.

ప్లగ్ పాయింటు, ఎర్తింగ్

బోర్డుని తినే ఉప్పు గోడలోని సాకెట్‌ని కూడా తింటుంది. సాకెట్ లోపలి ఇత్తడి రేకులు చిలుము పట్టి వదులైతే ప్లగ్గు వేడెక్కుతుంది, చిటపట చప్పుడు వస్తుంది. ఆ చిన్న నిప్పురవ్వల వల్ల కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే జనం విండోస్‌ని తిడతారు. అరగంట నడిచాక ప్లగ్గు పట్టుకుని చూడండి. చేతికి వేడి తెలిస్తే సాకెట్ మార్చించండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు అయితే పారేయండి.

ల్యాప్‌టాప్ చార్జింగులో ఉన్నప్పుడు లోహపు మూత మీద వేలు రాస్తే జిల్లుమంటోందా? చార్జర్‌కి మూడు పిన్నుల ప్లగ్గు ఉండి కూడా అలా ఉంటే, మీ ఎర్త్ తెగి ఉండే అవకాశం ఎక్కువ. తీరంలోని ఉప్పు నేలలో ఎర్త్ గొయ్యిలోని జీఐ (జింకు పూత ఇనుప) పైపు లోపలే తుప్పు తిని పోతుంది, పైకి కనపడదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో ఫేజు, ఎర్త్ మధ్య ఎంతుందో చూడమనండి. 230 దగ్గర్లో ఉండాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే కారణం వెతకమనండి. అపార్టుమెంటులో అయితే ఇది అందరి సమస్య, సంఘం సమావేశంలో పెట్టాల్సిన విషయం. ఎర్త్ లేకపోతే పిడుగుల కోసం కొన్న స్పైక్ బస్టర్ కూడా సగం పనే చేస్తుంది.

తుపాను రోజుల్లో

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్నే దాటింది. చాలా కాలనీల్లో కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ముఖ్యమైన ఫైళ్ల కాపీ హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉండేలా ముందురోజే చూసుకోండి. డిస్క్‌ని పైన చెప్పిన డబ్బాలో పెట్టి నేలకి ఎత్తుగా ఉంచండి. కిటికీ పక్కనున్న కంప్యూటర్‌ని లోపలి గదికి మార్చండి. ప్లగ్గు, నెట్‌వర్క్ వైరు, కేబుల్ టీవీ వైరు అన్నీ ఊడదీయండి. పిడుగు వోల్టేజీ ఏ రాగి తీగ గుండా అయినా లోపలికి వస్తుంది. ఇంటికొచ్చే ఫైబర్ ఇంటర్నెట్ తీగ గాజుది కాబట్టి దానివల్ల ఆ భయం లేదు.

ఫైబర్‌తో ఇంకో సౌకర్యం ఉంది. కరెంటు పోయినా, అవతలి ఎక్స్ఛేంజిలో బ్యాకప్ ఉన్నంతసేపు ఇంటర్నెట్ నడుస్తుంది, మీ ఇంట్లోని రౌటర్ పెట్టెకి కరెంటు అందితే చాలు. చాలా రౌటర్లు 12 వోల్టులతో నడుస్తాయి, దీనికి చిన్న డీసీ యూపీఎస్ దొరుకుతుంది. రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. వోల్టులు సరిగ్గా సమానంగా ఉండాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. మామూలు కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ డెస్క్‌టాప్‌ని పావుగంట నడిపిస్తే గొప్ప. దాన్ని పని సేవ్ చేసుకుని ఆఫ్ చేయడానికే అనుకోవాలి. మన వేడికి ఆ బ్యాటరీ రెండు మూడేళ్లకే నీరసిస్తుంది.

తుపాను తర్వాత కరెంటు తిరిగి వచ్చే ఘడియ అన్నిటికంటే ప్రమాదం. స్తంభాలు కూలి తిరిగి నిలబెట్టేటప్పుడు ఎక్కడైనా న్యూట్రల్ తీగ తెగి ఉంటే, ఇంట్లోకి 230కి బదులు 400కి దగ్గరగా వోల్టేజీ రావచ్చు. కరెంటు పోగానే టీవీ, ఫ్రిజ్, ఏసీ, కంప్యూటర్ల ఎంసీబీలు (మెయిన్ బోర్డులోని చిన్న స్విచ్చులు) ఆపేయండి. వచ్చాక ముందు ఒక్క పాతరకం ఫిలమెంట్ బల్బు, ఫ్యాను వేసి చూడండి. బల్బు మరీ మెరిసినా, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉన్నా మెయిన్ ఆపేసి విద్యుత్ సిబ్బందికి చెప్పండి. మల్టీమీటర్ 200 నుంచి 250 మధ్య నిలకడగా చూపిస్తేనే ఒక్కో ఎంసీబీ ఎత్తండి. కంప్యూటర్‌ని చివర్న పెట్టండి. అన్ని రోజులు తేమలో ఉంది కాబట్టి, పక్క తలుపు తీసి ఒకటి రెండు గంటలు ఫ్యాన్ గాలి తగలనిచ్చాకే ప్లగ్గు పెట్టాలి. వాననీరు లోపలికి చేరినట్టు అనుమానం ఉంటే ఆన్ చేసి పరీక్షించవద్దు. ఆన్ చేయకుండా డిస్టిల్డ్ వాటర్‌తో, ఐపీఏతో కడిగించిన బోర్డు చాలాసార్లు బతుకుతుంది.